గ్యాస్ గీజర్ బాత్రూమ్‌లో పెట్టొచ్చా? కరెంటు మేలా, సోలార్ మేలా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. సొంత ఇల్లు. కింద మేముంటాం, పై వాటా అద్దెకిచ్చాం. అయిదుగురం. మా అత్తగారికి 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడకి వానాకాలంలో కూడా వేణ్ణీళ్లే కావాలి. మిగతావాళ్లం కార్తీకం నుంచి శివరాత్రి దాకా. పాత 25 లీటర్ల కరెంటు గీజర్ అడుగున కారుతోంది. వీధిలోకి గ్యాస్ పైపు వచ్చింది కదా, గ్యాస్ గీజర్ పెట్టిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందని మావారు అంటున్నారు. పాతది ఉన్నచోటే, బాత్రూమ్‌లోనే బిగిస్తానని ప్లంబరు అంటున్నాడు. నెదర్లాండ్స్‌లో ఉన్న మా అబ్బాయేమో అక్కడ కొత్త ఇళ్లకి గ్యాసే ఇవ్వట్లేదు, రేపు మన దగ్గరా ఆపేస్తారు, డబ్బు దండగ అంటున్నాడు. షాపతను సోలార్ వేసుకోండి, గవర్నమెంటు సబ్సిడీ వస్తుంది అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

సమాధానం:

అమ్మా, ముందు ప్లంబరు సంగతి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ వద్దు. ఈ ఒక్కమాట ఇవాళే చెప్పేయండి. మిగతావన్నీ తీరిగ్గా తేల్చుకోవచ్చు.

ఎందుకు వద్దో మీ బాత్రూమ్ కొలతలతోనే చూడండి. మామూలుగా అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు, తొమ్మిదడుగుల ఎత్తు ఉంటుంది. అంటే 315 ఘనపుటడుగులు, దాదాపు 9 ఘనపు మీటర్ల గాలి. నిమిషానికి ఆరు లీటర్లు ఇచ్చే గ్యాస్ గీజర్ పూర్తి మంట మీద గంటకి కిలో దాకా ఎల్‌పీజీ తాగుతుంది. కిలో గ్యాస్ సరిగ్గా మండాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. పది నిమిషాల స్నానానికి 170 గ్రాముల గ్యాస్, దానికి రెండు ఘనపు మీటర్ల పైచిలుకు గాలి. అంటే తలుపు మూసి, చలిగాలి వస్తోందని వెంటిలేటరుకి అట్టముక్క అడ్డం పెట్టి ఒక మనిషి స్నానం చేసేసరికి, ఆ గదిలో ఉన్న ఆక్సిజన్‌లో నాలుగోవంతు మంటకే పోతుంది. భోగినాడు తెల్లవారకముందే ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు తలంట్లు పోసుకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి. పైపు గ్యాస్ అయినా ఈ లెక్క మారదు.

గాలి తగ్గినకొద్దీ మంట సరిగా మండదు. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. సిలిండర్ లీకైతే వచ్చే ఘాటు వాసన, కాలని గ్యాస్‌కి కలిపిన వాసన. కాలిన తర్వాత వచ్చే పొగకి అది ఉండదు. ‘వాసనేం రాలేదు కదా’ అనుకుంటూ ఉండగానే తల బరువెక్కుతుంది, వికారంగా ఉంటుంది, కాళ్లలో సత్తువ పోతుంది. తలుపు గడియ తీద్దామనుకున్నా చెయ్యి లేవదు. మోకాళ్ల నొప్పులతో పీట మీద కూర్చుని పోసుకునే మనిషైతే, లేవలేకపోవడం నొప్పి వల్లే అనుకుంటారు తప్ప గాలి మీదికి అనుమానం పోదు. ఎవరైనా అలా పడిపోతే ముందు తలుపు బద్దలుకొట్టి బయటి గాలిలోకి తేవాలి. గ్యాస్ కట్టేయాలి, 108కి ఫోన్ చేయాలి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ 98 చూపించిందని ఊరుకోవద్దు. ఈ విషం ఎక్కినప్పుడు అది మంచి అంకెనే చూపిస్తుంది. హాస్పిటల్‌లో ‘గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్‌లో పడిపోయారు’ అని నోరు తెరిచి చెప్పాలి. అప్పుడే రక్తపరీక్ష ఆ దిక్కుగా చేస్తారు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడతానని ప్లంబరు అనొచ్చు. ఫ్యాన్ లాగాలంటే లోపలికి గాలి రావాలి. తలుపు కింద సందు లేకపోతే, కిటికీ మూసి ఉంటే, ఫ్యాన్ తిరుగుతుందే గానీ గాలి మారదు. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, రెండు బ్యాటరీలతో వెలిగే గ్యాస్ గీజర్ మాత్రం మండుతూనే ఉంటుంది. మన పెద్దవాళ్లు వేణ్ణీళ్ల కాగు పెరట్లో పెట్టింది పొగ కళ్లకి పడుతుందని. ఇప్పుడు కళ్లకి కనపడని పొగ గనక ఇంకా దూరంగా పెట్టాలి.

గ్యాసే కావాలని మీవారు పట్టుబడితే, దాని చోటు వెనక వైపు ఓపెన్‌గా ఉన్న గిన్నెలు తోముకునే చోట. గోడకి బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే గోడలోంచి బాత్రూమ్‌లోకి తేవాలి. అద్దాలు బిగించి మూసేసిన బాల్కనీ ఓపెన్ కిందికి రాదు. బాత్రూమ్ వెంటిలేటర్ కిందా, పడకగది కిటికీ పక్కనా కూడా పెట్టకూడదు. పొగ తిరిగి లోపలికే వస్తుంది. ఎల్‌పీజీ గీజర్ మీద ఐఎస్ 15558 (ఇది భారతీయ ప్రమాణం నంబరు) ముద్ర ఉండాలి. పైపు గ్యాస్‌కైతే, ఆ గ్యాస్‌కే తయారైన మోడల్ తీసుకోవాలి. రెండింటికీ ప్రెషర్ వేరు, ఎల్‌పీజీకి 30 మిల్లీబార్, పైపు గ్యాస్‌కి 21. జెట్ (గ్యాస్ చిమ్మే సన్నటి ముక్కు) కన్నం కూడా వేరు. ఎల్‌పీజీ జెట్‌కి పైపు గ్యాస్ ఇస్తే మంట పేలవంగా ఉంటుంది, నీళ్లు కాగవు. అంతవరకే అయితే ఫరవాలేదు. పైపు గ్యాస్ జెట్‌కి సిలిండర్ తగిలిస్తే మంట పసుపుపచ్చగా ఎగిసి, లోపల రాగి రెక్కలకి మసి పట్టి, విషవాయువు ఎక్కువవుతుంది. మంట ఎప్పుడూ నీలంగా ఉండాలి. కొసలు పసుపుపచ్చగా మారితే ఆ రోజుకి కట్టేసి బర్నర్ శుభ్రం చేయించాలి. నెలల తరబడి వాడకుండా ఉంచి, కార్తీకంలో మొదటిసారి వెలిగించినప్పుడు జెట్లలో సాలెగూళ్లు, దుమ్ము ఉండటం మామూలే. విజయవాడలో పైపు గ్యాస్ ఇచ్చేది భాగ్యనగర్ గ్యాస్. కొత్త పాయింటు కావాలంటే వాళ్లకే దరఖాస్తు పెట్టాలి. లైను కోసి ‘టీ’ వేయడం మీ ప్లంబరు పని కాదు. సిలిండర్‌తో వాడేటట్టయితే రబ్బరు గొట్టం మీటరున్నర మించకూడదు, గోడలోంచి దూర్చకూడదు, అయిదేళ్లకోసారి మార్చాలి.

ఇక డబ్బు లెక్క. బకెట్ అంటే 20 లీటర్లు అనుకుందాం. చలికాలంలో మీ ట్యాంకు నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఒంటికి హాయిగా ఉండేది 40. పెంచాల్సింది 15 డిగ్రీలు. ఒక లీటరుని ఒక డిగ్రీ పెంచడానికి 1.16 వాట్ అవర్లు కావాలి, కాబట్టి బకెట్‌కి 350 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో మూడోవంతుకి కాస్త పైన. అయిదుగురికి ఒక యూనిట్టూ ముప్పావు. గీజర్ గోడల్లోంచీ పైపుల్లోంచీ చల్లారిపోయేది కలుపుకుంటే రెండు యూనిట్లు. నాలుగు నెలలకి 240 యూనిట్లు. మన గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 దాటితే 8 రూపాయల 75 పైసలు. చలికాలంలో ఏసీ ఉండదు గనక మీ గీజర్ యూనిట్లు ఎక్కువభాగం ఆరు రూపాయల స్లాబులోనే పడతాయి. అంటే సీజన్ మొత్తానికి 1,440 రూపాయలు. సర్దుబాటు చార్జీలు దానిమీద కొంత.

అదే వేడి ఎల్‌పీజీతో అయితే? కిలో గ్యాస్‌లో 12.7 యూనిట్ల వేడి ఉంటుంది, అందులో నూటికి ఎనభై వంతులు నీళ్లలోకి ఎక్కుతుంది. 120 రోజులకి 20 కిలోలు దాటుతుంది, దాదాపు ఒకటిన్నర సిలిండర్. సిలిండర్ 900 అనుకుంటే 1,300 రూపాయలు. మీవారు చూసుకుంటున్న ఆదా ఏడాదికి 140 రూపాయలు అన్నమాట! పైపు గ్యాస్‌కి లెక్క ఇంకా సులువు. ఒక ఘనపు మీటరు సుమారు ఎనిమిది యూనిట్ల వేడిని నీళ్లకిస్తుంది, కాబట్టి సీజన్‌కి 27 ఘనపు మీటర్లు పడతాయి. మీ బిల్లులో ఉన్న రేటుతో 27ని గుణించుకోండి. కొత్త పాయింటుకీ, బయటినుంచి పైపు లాగడానికీ అయ్యే ఖర్చు ఆ తేడాతో ఎన్నేళ్లకి తీరుతుందో తెలిసిపోతుంది. కరెంటు బిల్లు పేలేది గీజర్ వల్ల కాదు, ఏప్రిల్, మే నెలల్లో ఏసీ వల్ల. ఆ నెలల్లో గీజర్ స్విచ్చే వేయరు. మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు కదా, మీ అత్తగారికి కూడా అవే చాలు.

అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, కానీ అది ఆ దేశపు కథ. నెదర్లాండ్స్‌లో 2018 జూలై 1 నుంచి కొత్త ఇళ్లకి గ్యాస్ కనెక్షన్ ఇవ్వడం లేదు. అక్కడి గ్రోనింగెన్ గ్యాస్ క్షేత్రంలో తవ్వేకొద్దీ భూకంపాలు వచ్చి ఇళ్లు బీటలువారాయి. 2023 అక్టోబర్‌లో అక్కడ గ్యాస్ తీయడం ఆపేశారు. అక్కడ గ్యాస్ స్నానానికి మాత్రమే కాదు, ఆరేడు నెలలు గదులన్నీ వెచ్చగా ఉంచేది కూడా అదే బాయిలర్. ఒక్కో ఇంటికి ఏడాదికి వెయ్యి ఘనపు మీటర్ల అటూఇటూగా కాలుస్తారు. మీ ఇంటి లెక్క 27. ఆ వెయ్యిని తగ్గించడానికే యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి గ్యాస్ ఒక్కదాని మీదే నడిచే బాయిలర్లకి సబ్సిడీలు ఆపమంది, 2040కల్లా శిలాజ ఇంధన బాయిలర్లు లేకుండా చేసుకునే దారి చూసుకోమంది. అక్కడ కూడా అన్నీ అన్నట్టు జరగవు. పాత బాయిలర్ మార్చేటప్పుడు హీట్ పంప్ (గాలిలోని వేడిని లాగి వాడే యంత్రం) జోడించుకోవడం 2026 నుంచి తప్పనిసరి అని డచ్ ప్రభుత్వం ప్రకటించింది, 2024లో కొత్త కూటమి వచ్చి ఆ నిబంధన ఎత్తేసింది.

మన దగ్గర గాలి అటు కాదు, ఇటు వీస్తోంది. 2016లో ఉజ్వల, 2024 దీపావళికి రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, ఊళ్లలో పైపు గ్యాస్ లైన్లు. కట్టెల పొయ్యి మాన్పించి గ్యాస్ ఇవ్వడమే ఇక్కడి విధానం. అది సబబే. కట్టెపుల్లల పొగ కంటే గ్యాస్ వెయ్యి రెట్లు నయం. కాబట్టి గ్యాస్ ఆపేస్తారన్న భయంతో నిర్ణయం తీసుకోనక్కర్లేదు. ఇంకోమాట, ఇది అబ్బాయికి నచ్చకపోవచ్చు. మీ స్విచ్చులోకి వచ్చే కరెంటు ఎక్కువభాగం బొగ్గుదే. ఇబ్రహీంపట్నం థర్మల్ పొగ గొట్టాలు మీకు తెలియనివి కావు. దేశం మొత్తం మీద చూస్తే ఒక యూనిట్‌కి 700 గ్రాముల పైన కార్బన్ డయాక్సైడ్. మీ 240 యూనిట్లకి 170 కిలోలు. అదే స్నానాలకి ఎల్‌పీజీ కాలిస్తే 62 కిలోలు. అంటే పర్యావరణం పేరు చెప్పి గ్యాస్‌ని కాదనడం ఇవాళ మన ఊళ్లో కుదరని వాదన. గ్యాస్ గీజర్ వద్దనడానికి కారణం బాత్రూమ్ గాలి, అంతే.

ఇక షాపతని సోలార్. సోలార్ వాటర్ హీటర్‌కి కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడున్న సబ్సిడీ కరెంటు పుట్టించే ప్యానెళ్లకి, పీఎం సూర్యఘర్ కింద. రెండూ వేరు. నల్లటి గాజు గొట్టాలూ పైన పొడుగాటి ట్యాంకూ ఉండేది వాటర్ హీటర్. ‘సబ్సిడీ తర్వాత అకౌంట్లో పడుతుంది’ అని ఎవరైనా అంటే, ఏ పథకమో బిల్లు మీద రాసివ్వమనండి, మాట మారుస్తారు. దానికి దొరికే ఊరట ఒక్కటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో 5 వేశారో లేదో చూడాలి.

సబ్సిడీ లేకపోయినా అది మంచి వస్తువే. కాకపోతే మీ ఇంటికి నప్పదు. పాతిక ముప్ఫై వేలు పెట్టి 150 లీటర్లది బిగిస్తే మిగిలేది మీ అత్తగారి వానాకాలపు నీళ్లతో కలిపినా ఏడాదికి రెండు వేలు. పైగా మీరుండేది కింది వాటా. డాబా మీద నుంచి ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లు దిగితే, ఆ పైపులోనే అయిదు లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. పొద్దున్న కుళాయి తిప్పగానే వచ్చేవి రాత్రంతా చల్లారిన ఆ అయిదు లీటర్లు. రోజూ అవి పారబోయడం, లేదా ‘ఇంకా రాలేదు’ అని గిన్నెలో పట్టడం. షవర్ల కింద పదిమంది స్నానం చేసే ఉమ్మడి ఇల్లూ, గుంటూరు కోచింగ్ హాస్టళ్లూ, నర్సింగ్ హోములూ అయితే మూణ్నాలుగేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. అలాంటివాళ్లు చూసుకోవాల్సింది మూడు. చన్నీళ్ల ట్యాంకు అడుగు వేడినీళ్ల ట్యాంకు నెత్తికంటే పైనుండాలి. గాలి గొట్టం చన్నీళ్ల ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తులో, తెరిచి ఉండాలి. అది మూసుకుపోతే నీళ్లు లాగినప్పుడు స్టీలు ట్యాంకు డబ్బాలా నొక్కుకుపోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ రకం పూడిపోతుంది, గాజు గొట్టాలది తీసుకోవాలి. ఖాళీ గొట్టాల్లోకి మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు వదిలితే మాత్రం గాజు పటుక్కున పగులుతుంది.

హీట్ పంప్ గురించి కూడా అబ్బాయి చెప్పే ఉంటాడు. ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది, గాలిలోని వేడిని లాగి నీళ్లలో పోస్తుంది. మన వాతావరణంలో ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల పైన వేడి ఇస్తుంది. మీ 240 యూనిట్లని 80కి దించుతుంది, అంటే ఏడాదికి వెయ్యి రూపాయల లోపు ఆదా. పదుల వేల రూపాయల యంత్రం. లెక్క మీకు అర్థమైంది.

కాబట్టి మా సలహా: అత్తగారి బాత్రూమ్‌లో 15 లీటర్ల, 2 కిలోవాట్ల కరెంటు గీజర్. 25 అక్కర్లేదు. 55 డిగ్రీలకి కాగిన 15 లీటర్లలో చన్నీళ్లు కలిపితే ఒకటిన్నర బకెట్లు వస్తాయి. ఒకరి తర్వాత ఒకరికి పది పదిహేను నిమిషాలు వ్యవధి ఇస్తే మళ్లీ కాగుతాయి. చల్లగా ఉన్న 15 లీటర్లు కాగడానికి మొదట పావుగంట.

స్టార్ల గురించి ఒక అపోహ ఉంది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ ఈ స్టార్లు ఇస్తుంది. గీజర్ మీది స్టార్లు నీళ్లు ఎంత తక్కువ కరెంటుకి కాగుతాయో చెప్పవు. ఒక స్టార్‌దైనా అయిదు స్టార్లదైనా బకెట్‌కి అదే 350 వాట్ అవర్లు. స్టార్లు చెప్పేది కాగిన నీళ్లు లోపల ఎంతసేపు వేడిగా నిలుస్తాయన్నదే. లేబుల్ మీద ‘స్టాండింగ్ లాస్’ అంకె ఉంటుంది, తక్కువున్నది తీసుకోండి. రోజంతా స్విచ్ వేసి ఉంచే ఇళ్లకి అయిదు స్టార్లు బాగా కలిసొస్తాయి. పావుగంట ముందు వేసి, నీళ్లు పట్టుకుని ఆపేసే ఇంట్లో ఆ తేడా చాలా తక్కువ. లేబుల్ మీద ఉన్న కాలపరిమితి కూడా చూడండి. ప్రమాణాలు పెంచినప్పుడల్లా పాత అయిదు కొత్త నాలుగో మూడో అవుతుంది, షాపులో పాత సరుకు పాత స్టార్లతోనే ఉంటుంది.

స్టార్ల కంటే ముఖ్యమైంది ఎర్తింగ్. సత్యనారాయణపురంలో పాత ఇళ్లు చాలా. మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ మూడో కన్నానికి వైరే ఉండదు, లేదా ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటుంది. 2 కిలోవాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. మీటరు బోర్డు నుంచి విడిగా 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ, బాత్రూమ్ బయట ఫేజునీ న్యూట్రల్‌నీ రెండిటినీ తెంపే డబుల్ పోల్ స్విచ్, వీటన్నిటికీ ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్). ఎలక్ట్రీషియన్ పని అయిందనగానే పరీక్ష అడగండి. గీజర్ సాకెట్ దగ్గర ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెడితే ఆర్‌సీసీబీ టక్కున పడిపోవాలి. బల్బు వెలగనూ లేదు, ఆర్‌సీసీబీ పడనూ లేదంటే ఎర్త్ లేనట్టే. ఆ రోజు డబ్బులివ్వకండి. ఆ తర్వాత నెలకోసారి దాని మీది ‘టెస్ట్’ మీట మీరే నొక్కాలి. బకెట్లో వేలాడదీసే హీటర్ రాడ్ ఇంట్లో ఉంటే ఈ సందర్భంగా పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేయండి. గీజర్ వచ్చేదాకా అత్తగారికి స్టవ్ మీద కాచిన నీళ్లే పోయండి.

థర్మోస్టాట్ 50, 55 మధ్య పెట్టించండి. 75 దగ్గర పెడితే బోరు నీళ్లలోని సున్నం కాయిల్ మీద గట్టిగా పేరుకుంటుంది. కాయిల్ మీద పూత మందమైనకొద్దీ వేడి నీళ్లకి చేరదు, కాయిలే కాలిపోతుంది. పెద్దవాళ్ల చర్మం పల్చన కూడాను. 60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లు పడితే బొబ్బలెక్కుతాయి. లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ ట్యాంకు తుప్పుపట్టకుండా తానే అరిగిపోతుంది. బోరు నీళ్లకైతే ఏడాదికోసారి, కృష్ణా నీళ్లకైతే రెండేళ్లకోసారి చూపించి, బాగా అరిగిపోయి ఉంటే మార్పించండి. చాలా ఇళ్లలో ఆ కడ్డీ ఉందనే తెలియదు, నాలుగేళ్లకి ట్యాంకే పోయిందంటారు.

ఇప్పుడు డాబా. షాపతను తప్పు వస్తువుకి చెప్పిన సబ్సిడీని సరైన వస్తువుకి వాడుకోండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకుపైన ఎంతైనా 78 వేలు. మన దగ్గర ఒక కిలోవాట్ నెలకి సుమారు 120 యూనిట్లు ఇస్తుంది, వంద చదరపుటడుగుల నీడలేని చోటు కావాలి. మీ 12 నెలల బిల్లుల యూనిట్లు కూడి 12తో భాగించండి, వచ్చిందాన్ని 120తో భాగించండి. అదే మీకు కావాల్సిన సైజు. నెలకి సగటున 240 వస్తే రెండు కిలోవాట్లు చాలు, మూడు అమ్మాలని చూస్తారు. పై వాటా మీటరు మీ పేరునే ఉన్నా దాని యూనిట్లు ఇందులో కలపకండి, నెట్ మీటరు (మీరు పంపిన కరెంటునీ వాడిన కరెంటునీ రెండూ లెక్కపెట్టే మీటరు) ఒక్క సర్వీసుకే లెక్క వేస్తుంది. సూర్యఘర్ పోర్టల్లో సర్వీస్ నంబర్‌తో, మీ కరెంటు సంస్థ ఏపీసీపీడీసీఎల్‌ని ఎంచుకుని దరఖాస్తు పెట్టాలి. జాబితాలో ఉన్న వెండర్‌తోనే బిగించాలి. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే అయ్యుండాలి, లేకపోతే సబ్సిడీ రాదు. నెట్ మీటరు బిగించి, తనిఖీ అయ్యాక సబ్సిడీ మీ ఖాతాలోకి వస్తుంది. మొత్తం డబ్బు ముందే అడిగే వెండర్‌ని వదిలేయండి. పొద్దున్న ఆరింటికి గీజర్ వేస్తే ప్యానెల్ పనిచేయదు కదా అంటారేమో. చేయదు. మధ్యాహ్నం మీరు గ్రిడ్‌కి పంపినది ఆ లెక్కలో తీసేస్తారు. అసలు లాభం మే నెలలో, యూనిట్ 8.75, 9.75 పడే చోట కనపడుతుంది.

ఆ డాబా గురించే ఇంకొకటి. పైన సున్నపు పూత లేని వట్టి శ్లాబు మే నెల ఎండని గదిలోకి అలాగే దింపేస్తుంది. బీఈఈ 2018లో ఇళ్లకోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత, పైకప్పు లోపలికి వదిలే వేడికి, చదరపు మీటరుకి ఒక్కో డిగ్రీ తేడాకి 1.2 వాట్లు అనే హద్దు పెట్టింది. వట్టి శ్లాబుది మూడు దాటుతుంది. ఆ నియమం పెద్ద స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకే, మీకు వర్తించదు. అయినా ప్యానెళ్లు రాని చోట తెల్ల టైల్సో, కూల్ రూఫ్ పెయింటో వేయించండి. ముందు శ్లాబు బీటలు పూడ్చి, ఆ తర్వాతే పెయింటు. తిరగేసి చేస్తే మొదటి వానకే పొరలు పొరలుగా లేస్తుంది. మీ పై వాటావాళ్లు ఏసీ తక్కువ వేస్తారు.

చివరిగా, ఇది అసలు మొదట చూడాల్సింది. పాత గీజర్ అడుగున కారుతోందన్నారు. ఎక్కడ కారుతోందో చూశారా? స్విచ్ వేసి నీళ్లు కాగుతున్నప్పుడు మాత్రమే, చన్నీళ్లు లోపలికి వెళ్లే చోట ఉన్న ఇత్తడి సేఫ్టీ వాల్వు సన్నటి ముక్కులోంచి చుక్కలు పడుతుంటే అది లీకు కాదు. 25 లీటర్లు 25 నుంచి 55 డిగ్రీలకి కాగితే పావులీటరుకి పైగా వ్యాకోచిస్తుంది, వెనక్కి పోయే దారి ఉండదు గనక ఆ వాల్వు బయటికి వదులుతుంది. దానికో సన్నటి గొట్టం తగిలించి నేలమీది జాలీ దగ్గరికి వదిలితే సరిపోతుంది. ముక్కుకి చెక్కముక్క కొట్టి మూయించకండి, ట్యాంకు పేలుతుంది. స్విచ్ ఆపి ఉన్నప్పుడు కూడా రాత్రంతా ఆ ముక్కులోంచే కారుతుంటే వాల్వు పోయింది, మార్పిస్తే చాలు. బాడీ అతుకు దగ్గర తుప్పురంగు నీళ్లు ఊరుతుంటేనే ట్యాంకుకి చిల్లు పడినట్టు. స్విచ్ ఆపి, బాడీ తుడిచి, కింద పాత దినపత్రిక పరిచి రేపు పొద్దున్న చూడండి. కాగితం మీద తడి ఎక్కడ పడిందో చూశాకే షాపుకి వెళ్లండి.